మునిగినవన్నీ బతికినవి కావు
శ్రీ నందకిశోర్ గారి పదవీ విరమణ సందర్భంగా

అన్యాయం ఎవరికి జరిగింది? ఏ విధంగా జరిగింది? అభినందన సంచికలో ఒక వ్యాసం ఈ ప్రశ్నతో మొదలు కావడం మర్యాద కాదని సంపాదకవర్గంలో కొందరు అభ్యంతరపెట్టారు. సన్మానం అందుకోబోతున్న శ్రీ నందకిశోర్ గారు మాత్రం ఇదే ముందుండాలని పట్టుబట్టారు. కనుక సమాధానం కూడా ముందే చెప్పడం న్యాయం. అన్యాయం మొదట నోరులేని జీవాలకు జరిగింది. బతికిస్తున్నామన్న పేరుతో మనం వాటిని పొడిచి నీళ్ళపాలు చేశాము. ఆ తరువాత, అది తప్పని చెప్పిన శ్రీమతి కోటేశ్వరమ్మ గారికి జరిగింది. తన మాట రుజువు చేసుకోవడానికి ఆమె అడిగినది ఒక్కరోజు పడవ మాత్రమే. దానిని ఆమెకు దక్కనివ్వనివారు నందకిశోర్ గారు. ఆనాడు వారి మాటకు నవ్వి, బల్లలు చరిచినవారము మనమందరము.

నందకిశోర్ గారు 1989 జూన్ 12వ తేదీన దబీర్‌పురా స్టేషను వెనుకనున్న మన సముద్ర చేపల సర్వే సంస్థ కార్యాలయంలో సహాయ పరిశోధకులుగా చేరారు. లాల్‌దర్వాజాలో తరతరాలుగా అమ్మవారి సేవలో ఉన్న కుటుంబంలో పుట్టి, హుస్సేన్‌సాగర్‌ను మించిన నీటిని అంతవరకు చూడని యువకుడు, సముద్రపు అడుగున రాళ్ళ మధ్య బతికే చేపలను అధ్యయనం చేసే ఉద్యోగాన్ని కోరి ఎంచుకోవడం ఇంట్లోవారికే వింతగా తోచింది. విశాఖ రేవులో మరపడవ ఎక్కిన తొలిరోజున, రేవు దాటకముందే కడుపులో ఉన్నదంతా కక్కుకుని తాళ్ళ చుట్టల మీద వాలిపోయిన వారిని చూసి, పడవ నడిపే సరంగు జోయెల్ గారు, "చేపల గురించి మీకు తెలుసేమో గానీ సారూ, మీ గురించి చేపలకి ఇంకా తెలవదు" అన్నారట. ఆ మాటను నందకిశోర్ గారు ప్రతి కొత్త ఉద్యోగికీ నవ్వుతూ చెప్పేవారు. ఆరు నెలలు తిరగకుండానే, అలల మీద నిలబడి అన్నం తినగలిగే మనిషి అయ్యారు. పట్టుదల వారి సొత్తు. మొండితనం కూడా వారిదే.

లోతునుంచి ఒక్కసారిగా పైకి తెచ్చిన చేపకు ఒక గండం ఉంది. పైనున్న నీటి బరువు తొలగడంతో దాని లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది; కళ్ళు పొడుచుకువస్తాయి; కడుపు తిరగబడి నోటిలోంచి బుడగలా బయటపడుతుంది. అటువంటి చేపను అలాగే వదిలితే, మునగలేక వెల్లకిలా తేలుతూ ఎండకూ పక్షులకూ బలవుతుంది. కొలతలు తీసుకున్న చేపలను, అందులోనూ చిన్నవాటినీ గుడ్లతో ఉన్నవాటినీ, సజీవంగా తిరిగి వదలాలన్నది మన నియమం. ఆ నియమాన్ని నిలబెట్టడానికే నందకిశోర్ గారు ఒక బోలు సూదిని రూపొందించారు. రెక్క వెనుక సరైన చోట గుచ్చి, గాలితిత్తిలోని గాలిని మాత్రమే తీయాలని వారు మొదట బోధించారు. అయితే ఊగే పడవ మీద ఆ చోటు దొరకబుచ్చుకోవడం కష్టమై, పనివారు నోటిలోంచి వచ్చిన బుడగనే పొడవసాగారు. అది గాలితిత్తి కాదు, చేప కడుపు. పొడవగానే బుస్సుమని గాలిపోయేది; చేప మునిగేది; చూసేవారు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్ల మధ్య నందకిశోర్ గారు అడ్డు చెప్పలేకపోయారు, కొంతకాలానికి తామే అలా నేర్పసాగారు. మునిగిన ప్రతి చేపనూ బతికినదిగా మన సంస్థ పరిగణించింది. 'నందకిశోర్ సూది' అన్న పేరు కోస్తా రేవులన్నిటా పాకింది. పదోన్నతులు వచ్చాయి, శాలువాలు వచ్చాయి.

కోస్తానుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబానికి చెందిన సహ పరిశోధకురాలు కోటేశ్వరమ్మ గారు విద్యలోనూ అనుభవంలోనూ నందకిశోర్ గారికి తీసిపోనివారు. ఒక సమీక్షా సమావేశంలో ఆమె లేచి, "మునిగింది కాబట్టి బతికిందని ఎలా అంటామండీ? రాయి కూడా మునుగుతుందిగా" అన్నారు. పొడవవలసిన పనే లేదనీ, పాల క్రేటును బోర్లించి, అంచులకు సీసపు గుండ్లు కట్టి, దాని కింద చేపను ఉంచి దించితే, లోతుకు పోయేకొద్దీ ఉబ్బు దానంతటదే తగ్గి, తెరిచి ఉన్న అడుగు వైపునుంచి చేప తనంతట తానే ఈదుకుంటూ పోతుందనీ వివరించారు. ఒక్కరోజు పడవ ఇస్తే చూపిస్తానన్నారు.

నందకిశోర్ గారు కుర్చీలో వెనక్కు వాలి, "మేడమ్ చేపలకు లిఫ్టు పెడ్దామంటున్నరు. మరి లిఫ్టు నడిపెటోని పోస్టు గిట్ల మంజూరు చెయ్యాల్నా?" అన్నారు.

సభ ఘొల్లుమంది. పడవ మంజూరు కాలేదు. సముద్రయాత్రలకు ఆమె తగరన్న నందకిశోర్ గారి అభిప్రాయం మేరకు, ఆమెను దబీర్‌పురా కార్యాలయంలో సీసాలలో నిల్వచేసిన చేపల గదికి మార్చారు. సముద్రం కోసం చదువుకున్న మనిషి ఆ మందువాసనల మధ్య ఏళ్ళ తరబడి మూతలు బిగిస్తూ కూర్చున్నారు. ఆ గది ముందునుంచే మనమందరమూ టీకి వెళ్ళేవాళ్ళము.

నిరుడు, సూది విధానంపై శిక్షణచిత్రం తీయడానికి సంస్థ నీటి అడుగున పనిచేసే కెమెరాను కొన్నది. శిక్షణ విభాగపు ఫణి గారు దృశ్యాలను తెర మీద వేసినప్పుడు, నందకిశోర్ గారితో పాటు కోటేశ్వరమ్మ గారు కూడా అక్కడే ఉన్నారు. పడవ మీద నందకిశోర్ గారి చేతులు కనిపించాయి, సూది కనిపించింది, చేప మునిగింది. కెమెరా దానివెంటే అడుగుకు దిగింది. అక్కడ ఆ చేప ఇసుకమీద పక్కకు ఒరిగి పడి ఉంది. దవడలు రెండు మూడుసార్లు కదిలి ఆగిపోయాయి. దాని పక్కన, అదే ఉదయం వదిలిన మరికొన్ని ఉన్నాయి.

ఫణి గారు, మునిగేదాకా ఉంచి అక్కడితో కత్తిరిస్తే చిత్రం చాలా బాగుంటుందని సూచించారు. నందకిశోర్ గారు ఆ మాట విన్నట్టు లేరు. తెరవైపే చూస్తూ, "మీకు ఎప్పటిసంది ఎరుక మేడమ్?" అని అడిగారు.

"మొదటి రోజు నుంచీనండీ. మీకు చెప్పాను కూడా."

ఆ స్వరంలో కోపం లేదు. కోపం ఉంటే దానికి బదులు చెప్పుకునే దారి ఉండేదేమో. నందకిశోర్ గారికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కత్తిరిస్తే సరిపోతుంది, పదవీ విరమణకు ఇంకెంతో కాలం లేదు, అడిగేవారు లేరు: ఈ మూడూ వారికి ఒకేసారి తోచాయి. తోచినందుకు మరింత సిగ్గుపడ్డారు. ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. విషయమంతా విన్న వారి శ్రీమతి గోదా గారు, "అంతమంది చప్పట్లు గొడుతుంటే సంబురంగ నిలవడ్డరు గదా. ఇప్పుడు ఒక్క మనిషి ముంగట నిలవడనీకి ఏమైంది?" అన్నారు.

మరుసటి వారం సిబ్బంది సభలో వారు ఆ చిత్రాన్ని చివరిదాకా వేయించారు. కోటేశ్వరమ్మ గారు కూర్చున్న వరుస దాకా నడిచి వెళ్ళి, చేతులు కట్టుకుని, అందరికీ వినిపించేలా చెప్పారు: "ఇది సూది తప్పు గాదు, నా తప్పు. మేడమ్ ఒక్కరోజు పడవ అడిగిన్రు. నేనే వద్దన్న, నవ్వులపాలు గూడ జేసిన. ఆ ఒక్కరోజు నేను వారికి బాకీ ఉన్న." ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాలామంది నేల చూపులు చూశారు.

సీసపు గుండ్లను లాల్‌దర్వాజాలో బాలనర్సింహ గారి కార్ఖానాలో పోత పోయించారు. పాల క్రేటుకు గుండ్లెందుకో ఆయనకు అంతుపట్టలేదు. "సముద్రంల పాలు గిట్ల పోస్తరా ఏంది సారూ?" అని అడిగి, సంగతి తెలిసిన తరువాత, అంచులు చేపకు గీసుకోకూడదని ప్రతి గుండునూ ఆకురాయితో నున్నగా చేసి ఇచ్చారు.

ఆనాడు దక్కని పడవ ఈసారి మంజూరైంది; దానికి నాయకత్వం కోటేశ్వరమ్మ గారిది. తాడు పట్టుకునే పని నందకిశోర్ గారిది. క్రేటుకు కట్టిన కెమెరా దృశ్యం పడవలోని తెరమీద కనబడుతోంది. ఆమె దించమంటే దించారు, ఆపమంటే ఆపారు. మొదటి చేప తేరుకోలేదు. నందకిశోర్ గారు తాడు లాగి క్రేటును పైకి తెచ్చారు. ఆమె, "పైన ఎక్కువసేపు ఉంచేశామండీ. ఇంకోటి, తొందరగా" అన్నారు. రెండవ చేప క్రేటు కింద నిశ్చలంగా దిగింది. కొంత లోతుకు చేరేసరికి నోటిలోని బుడగ లోపలికి పోయింది, కళ్ళు సర్దుకున్నాయి. ఒక్కసారి తోక విదిలించి, కిందికి తిరిగి, రాళ్ళవైపు ఈదుకుంటూ వెళ్ళిపోయింది. జోయెల్ గారు తెరమీద నుంచి కళ్ళు తిప్పుకోలేదు. నందకిశోర్ గారు తాడు వదలకుండానే భుజంతో కళ్ళు తుడుచుకున్నారు.

అంతటితో వారు ఊరుకోలేదు. తాము సూది నేర్పిన ప్రతి రేవుకూ తామే వెళ్ళి, అదే మనుషులను పిలిచి, ఆనాడు తప్పు చెప్పానని ఒప్పుకుని, క్రేటు దించడం నేర్పారు. కొన్నిచోట్ల హేళన ఎదురైంది. అది తమకు రావలసినదేనని భరించారు. కోటేశ్వరమ్మ గారిని తిరిగి సముద్ర విభాగానికి పంపేవరకూ అధికారుల గదుల ముందు నిలబడ్డారు. జ్ఞాపికగా వెండి సూది ఇవ్వాలన్న మన ప్రతిపాదనను చేతులు జోడించి తిరస్కరించారు. నేడు లోతునీటి విభాగాధిపతి కోటేశ్వరమ్మ గారు.

తప్పు చేయనివారిని సన్మానించడం సులభం. చేసిన తప్పును తన చేతులతో, చేసిన చోటనే, చివరిదాకా సరిదిద్దుకున్న పెద్దమనిషిని సన్మానించడం మన సంస్థకు దక్కిన గౌరవం. శ్రీ నందకిశోర్ గారు శ్రీమతి గోదా గారితో కలిసి నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా, కంటినిండా నిద్రతో, తేలికపడిన మనస్సుతో జీవించాలని మనసారా కోరుకుంటున్నాము.

ఈ సంచికకు నాలుగు వాక్యాలు రాయవలసిందిగా కోటేశ్వరమ్మ గారిని అభ్యర్థించాము. ఆమె, "నేను అడిగింది ఒక్కరోజేనండీ. వారు ఇచ్చింది అంతకు మించే ఉంది. ఒక్క వాక్యం చాలు, అలాగే వేయండి" అన్నారు. ఆమె చెప్పినది చెప్పినట్టే వేస్తున్నాము:

శ్రీ నందకిశోర్ గారు నాకు ఏమీ బాకీ లేరు.