చలికారుకు గ్యాస్ నిరాకరించిన తులసమ్మ గారు

1971వ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ సోమవారం ఉదయం, మదనపల్లె ప్రాంత పట్టురైతుల సహకార సంఘ కార్యాలయంలో సామగ్రి విభాగపు గుమాస్తాగా శ్రీమతి తులసమ్మ గారు బాధ్యతలు స్వీకరించారు. కలకడ సమీపాన మెట్ట సేద్యం చేసుకునే కుటుంబంలో జన్మించి, ఆ చుట్టుపక్కల ఆడపిల్లలను ఐదో తరగతితో ఇంట కూర్చోబెట్టే రోజుల్లో పట్టుబట్టి చదువుకుని, పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లి అయిన పిదప ఉద్యోగానికి దరఖాస్తు చేసిన ధీరురాలు వారు. ఇంటర్వ్యూలో అధ్యక్షులు శ్రీ వెంకటముని గారు, “స్టోర్లో మూటలు, డ్రమ్ములు ఎత్తల్లమ్మా. ఆడమనిసివి, నీతో అవుతాదా?” అని ప్రశ్నించగా, “ఇంతవరకు మీరు ఎన్ని ఎత్తినారు సామీ?” అని ఎదురు ప్రశ్న వేసిన వైనం నేటికీ మన కార్యాలయంలో కథగా చెప్పుకుంటారు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు గానీ, ఉద్యోగం మాత్రం వచ్చింది.

ఇటువంటి అభినందన వ్యాసాల్లో విరమణ పొందేవారిని “శాంతమూర్తి, మితభాషి, అజాతశత్రువు” అని కీర్తించడం పరిపాటి. తులసమ్మ గారి విషయంలో ఈ మూడింటిలో ఏ ఒక్కటి రాసినా చదివేవారు నవ్విపోతారు, అందరికంటే ముందు ఆమే నవ్వుతారు. వారిది ముక్కుసూటి మనస్తత్వం. సరుకు తూకంలో తేడా వస్తే ఆ బస్తా తెచ్చినవాడు ఎంతటివాడైనా, ఎవరి మనిషైనా, దాన్ని మోసుకుని వెనక్కి పోవలసిందే.

మన సంఘం చేసే పని పట్టుపురుగుల గుడ్లు ఉత్పత్తి చేసి, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతులకు చేర్చడం. ఆ గుడ్లు ఎండ తగిలితే చచ్చిపోతాయి. రాత్రి చల్లని వేళ పంపడం అందరి ఆనవాయితీయే అయినా, కుప్పం వైపు పల్లెలన్నీ తిరిగేసరికి తెల్లారి ఎండెక్కేది, ఏటా వేసవి పంటలో సగం ఆ దారిలోనే పోయేది. అందువల్ల 1974లో, బెంగళూరులో ఒక కాఫీ తోటల యజమాని వదిలించుకున్న పాత విదేశీ స్టేషన్ వ్యాగన్‌ను సంఘం కొనుగోలు చేసింది. అప్పటికే దాని వయసు పదిహేనేళ్లు. హారన్ తప్ప అన్నీ మోగేవి. అయినా అందులో ఏసీ ఉండేది. గుడ్ల పెట్టెలు వెనక పెట్టి ఏసీ వేస్తే మండుటెండలో కూడా లోపల ఆషాఢ మాసంలా ఉండేది. రైతులు దానికి చలికారు అని పేరు పెట్టుకున్నారు.

చలికారు వచ్చిన నాటి నుంచి దానికి కావలసిన గ్యాస్ కొనే బాధ్యత తులసమ్మ గారి నెత్తిన పడింది. ఫ్రిజ్‌లలో నింపేటటువంటి ఆ గ్యాస్ మదనపల్లెలో దొరికేది కాదు. బెంగళూరు నుంచి బస్సు టాపు మీద సిలిండర్ రావాలి, దాంతోపాటు మెకానిక్ మునిస్వామి రావాలి. సిలిండర్ దిగగానే తులసమ్మ గారు దాన్ని పట్టుగూళ్లు తూచే కాటా మీద పెట్టించేవారు. పోయక ముందొకసారి, పోసిన తర్వాత ఒకసారి. “గ్యాస్‌ను తూచే ఆఫీసు ఇదొక్కటే అమ్మా” అని మునిస్వామి గొణిగితే, “అయితే తక్కినోళ్లంతా గాలి కొంటాండారు” అనేవారు.

మొదట్లో ఏడాదికి ఒకసారి పోయిస్తే సరిపోయేది. రాను రాను ఆరు నెలలకు, మూడు నెలలకు వచ్చింది. 1979 వేసవి నాటికి, ఫిబ్రవరిలో పోయించిన గ్యాస్ ఏప్రిల్‌కు లేదు. మునిస్వామి మళ్లీ సిలిండర్‌తో దిగాడు. పాత కార్లకు ఏటా ఇంత గ్యాస్ తప్పదని అతని నమ్మకం. అతన్ని తప్పు పట్టలేం. బెంగళూరులో పెద్ద పెద్ద కార్ల వాళ్లందరూ అలాగే పోయించుకునేవారు. తులసమ్మ గారు మాత్రం ఈసారి కలం మూత పెట్టేశారు.

“సంతకం పెట్టమ్మా, సాయంత్రం బస్సుకు నేను పోవల్ల.”

“పెట్టను. ఫిబ్రవరిలో పోసింది యాడికి పోయిండాదో సెప్పు, పెడతా.”

“గ్యాస్ కదమ్మా, గాల్లో కలిసిపోయుంటాది.”

“కడవ కారతాంటే నీళ్లు పోస్తా కూర్చుంటామా, చిల్లి ఎతుకుతామా? చిల్లి సూపిచ్చు.”

కబురు అధ్యక్షుల వారికి చేరింది. వెంకటముని గారు స్వయంగా స్టోరుకు విచ్చేశారు. “ఇంగ నాలుగు దినాల్లో కుప్పానికి గుడ్లు పోవల్లమ్మా. కారు సల్లంగా లేకుంటే గుడ్లు సస్తాయి. ఆ రైతులకు నువ్వు జవాబు సెప్తావా?”

“నేనే సెప్తా సామీ. గుడ్లతో పాటు నేనూ కార్లో కూర్చోని పోతా. పురుగు పుట్టకుంటే మళ్లా ఈ ఆఫీసు గడప తొక్కను.”

“మాట కాదు. రాసియ్యి.”

అక్కడికక్కడే రాజీనామా రాసి ఇచ్చేశారు. కుప్పంలో పురుగు పుట్టకుంటే ఆ కాగితం చెల్లుతుంది! భర్త శ్రీ సుబ్రహ్మణ్యం గారి బట్టల అంగడి ఆ ఏడే మూతపడి, ఇంటి బాడుగ, పిల్లల చదువు ఆమె జీతం మీదే నడుస్తున్న కాలమది. సుబ్రహ్మణ్యం గారు ఆ రోజు అన్నం ముందు కూర్చుని, “ఆ ఒక్క సంతకం పెట్టేసుంటే పోయేది కద” అన్నారట. “పెట్టేసుంటే వచ్చే నెల ఇంగోటి, ఆ పైనెల ఇంగోటి. ఎప్పటికి నిలపల్ల?” అన్నారట తులసమ్మ గారు. అన్నారే గానీ, ఉద్యోగం పోతుందని నిజంగానే భయపడ్డారు. భయపడుతూనే మరునాడు కుంకుడుకాయల గిన్నె పట్టుకుని చలికారు దగ్గర నిలబడ్డారు.

సిలిండర్‌లో కొంచెం గ్యాస్ వదిలించి, కుంకుడు నురుగు గొట్టాల వెంట పూస్తూ పోతే, ఇంజిన్ పక్కన రబ్బరు గొట్టం బిగించిన చోట బుడగ లేచింది. “దొరికిండాది! బిగిచ్చేస్తా” అన్నాడు మునిస్వామి.

“పోయిన తూరి కూడా బిగించినావు కద? బిగిచ్చింది యాల వదులవతాండాది?”

మునిస్వామి తల గోక్కున్నాడు. “లోపల ఒత్తిడి ఎక్కువై తోస్తాండాదమ్మా. యాల ఎక్కువవతాండాదో నాకూ తెలీదు.”

ఆ రోజు శుక్రవారం. డ్రైవర్ పాపన్న తలస్నానం చేసి, పళ్లెంలో పసుపు, చందనం, కుంకుమ పట్టుకుని వచ్చాడు. అందరూ చక్రాలకూ అద్దానికీ బొట్లు పెడతారు. పాపన్న తెరిచి ఉన్న బానెట్ లోపలికి చేయి చాచి, రేడియేటరుకు ముందున్న సన్నటి రేకుల జాలీ నిండా, గడపకు పూసినట్టు పసుపూ చందనమూ మెత్తసాగాడు. గ్యాస్ మోసుకొచ్చే వేడిని బయటి గాలికి వదిలేది ఆ జాలీయే. గాలి ఆడవలసిన సందులన్నీ మూసుకుపోయి, చందనం మీద దారి దుమ్ము, దుమ్ము మీద పసుపు, పసుపు మీద మళ్లీ చందనం, పొరలు పొరలుగా గట్టిపడి ఉంది.

“ఏం చేస్తాండావు పాపన్నా?”

“పూజ అమ్మా. సలి పుట్టించే తల్లి ఇదే కద! గ్యాస్ పోయినప్పుడంతా ఇంగ కొంచెం ఎక్కువే పూస్తాండా.”

ఆ పూతను ఇన్నాళ్లూ పాత కారు మురికి అనుకున్న మునిస్వామికి అప్పుడు సంగతంతా అర్థమైంది. ఊపిరాడని జాలీ వల్ల వేడి పోక, ఒత్తిడి పెరిగి, గొట్టం వదులై, గ్యాస్ కారిపోవడం. గ్యాస్ పోయిందని పాపన్న ఇంకా దట్టంగా పూయడం. పూసిన కొద్దీ ఇంకా త్వరగా కారిపోవడం. ఐదేళ్లుగా భక్తికీ గ్యాస్‌కూ మధ్య జరుగుతున్న పోటీ ఇదన్నమాట!

“ఇంత చందనం నీకు యాడ్నించి వస్తాండాది?” అని గద్దించారు తులసమ్మ గారు.

“యాడ్నించేందమ్మా, మన స్టోర్ నించే. సంతకం పెట్టేది మీరే కద!”

చుట్టూ ఉన్నవారంతా నేల చూపులు చూశారు. తులసమ్మ గారు మాత్రం పకపకా నవ్వేశారు. “సరే, ఇందులో నా పాలూ ఉండాది. బక్కెట్లో నీళ్లు తే.” పాపన్న కదల్లేదు. శుక్రవారం పూట అమ్మవారి చందనం కడిగితే కీడు జరుగుతుందని మొండికేశాడు. “కీడు వస్తే నాకు రానీలే. ఇప్పటికే నా ఉద్యోగం ఆ జాలీలో ఇరుక్కోనుండాది” అని చెప్పి, కొంగు దోపుకుని, పాత పళ్ల బ్రష్షుతో ఆమే మొదలుపెట్టారు. సన్నటి రేకులు వంగకుండా, నిలువునా, ఓపికగా తోముతూ పోతుంటే పచ్చటి నీళ్లు చక్రం దాకా పారాయి. కాసేపటికి పాపన్న కూడా కళ్లు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. గొట్టం మార్చి, జాలీ ఎండబెట్టి, నురుగుతో మరోసారి పరీక్షించి, ఎక్కడా బుడగ లేవకపోయాకనే ఆమె గ్యాస్‌కు సంతకం పెట్టారు.

గుడ్లు బయలుదేరిన రోజు ఎండ నిప్పులు చెరిగింది. పుంగనూరులో కొన్ని పెట్టెలు దించి, చౌడేపల్లె రైతులవి వారికి అప్పగించి, పలమనేరు దాటేసరికి మిట్టమధ్యాహ్నం. పాపన్న రోడ్డు కంటే లోపల వేలాడదీసిన థర్మామీటర్‌నే ఎక్కువ చూస్తుంటే, “ముందు సూడప్పా, నేను దీన్ని సూసుకుంటా” అన్నారు తులసమ్మ గారు. కారు చల్లగానే ఉంది. అయినా ఎక్కించే ముందే గుడ్లకు వేడి తగిలిందేమోనన్న అనుమానం ఆమెను దారి పొడవునా పీకుతూనే ఉంది. కుప్పం దగ్గర సిద్ధమ్మ అనే రైతు పురుగుల కొట్టంలో చివరి పెట్టె దించి, గుడ్లు అంటుకుని ఉన్న కాగితాలపై నల్లగుడ్డ కప్పారు. మరునాడు పొద్దున ఆ గుడ్డ తీసి వెలుతురు తగలనిస్తే పురుగులన్నీ ఒక్కసారిగా పుట్టాలి. పుడితే ఉద్యోగం ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఆమె ఆ కొట్టం వసారాలోనే ఉండిపోయారు.

తెల్లవారింది. సిద్ధమ్మ గుడ్డ తీసింది. కాగితం మీద ఏ కదలికా లేదు. “ఉండమ్మా, వాటికీ కొంచెం పొద్దు సూడనీ” అంది సిద్ధమ్మ. తులసమ్మ గారు కాగితం పక్కనే గొంతుక్కూర్చున్నారు. కొంతసేపటికి సిద్ధమ్మ వంగి చూసి కేక పెట్టింది. “కదల్తాండాయి సూడమ్మా! ఈ మూల, ఆ మూల, యాడ సూసినా అవే! ఎండకాలంలో ఇట్ల లేసింది నేను ఎప్పుడూ సూల్లేదు!” తులసమ్మ గారు చూశారు. చూసి, సిద్ధమ్మ భుజం పట్టుకుని భోరున ఏడ్చేశారు.

తిరిగి వచ్చాక వెంకటముని గారు పెద్దమనసుతో రాజీనామా కాగితం బయటికి తీసి, “చించేద్దామా అమ్మా?” అన్నారు. “వద్దు సామీ, ఫైల్లోనే ఉండనీండి. ఇంగో తూరి నాతో పంతానికి వచ్చేటప్పుడు తీసి సదువుకుంటారు.” ఆ కాగితం నేటికీ ఫైల్లోనే ఉంది. 1982 వేసవిలో గ్యాస్‌కు కటకట వచ్చి, బెంగళూరులో కూడా దొరకని వారాల్లో, చలికారు పాత గ్యాస్ మీదనే నిశ్చింతగా కుప్పం పోయివచ్చింది. 1983లో తులసమ్మ గారు సూపరింటెండెంట్‌గా పదోన్నతి పొంది, పుంగనూరు, కుప్పం ఉపకేంద్రాల సామగ్రి బాధ్యత కూడా వహించారు. నురుగు పరీక్ష లేకుండా సిలిండర్ కొనరాదన్న వారి నియమాన్ని మూడు చోట్లా తు.చ. తప్పక పాటిస్తున్నారు. పాపన్న పూజ కూడా ఆగలేదు. ఇప్పుడు స్టీరింగుకు జరుగుతోంది.

ఈ 1989 మార్చి ముప్పై ఒకటవ తేదీన తులసమ్మ గారు పదవీ విరమణ చేస్తున్నారు. చలికారును అమ్మివేసి, గుడ్లను మునుపటిలా రాత్రి లారీలో పంపాలని పాలకవర్గం గత నెల తీర్మానించిన సంగతి అందరికీ తెలిసిందే. ఆమె వెళ్లిపోయేదాకా ఆగి అమ్మడమే మర్యాద అనుకున్నారు కాబోలు. దానిపై తులసమ్మ గారు పెద్దగా వాదించలేదు. ఇంత నిమ్మళంగా ఉన్నారేమిటని అందరూ విస్తుపోయారు. విషయం నిన్ననే బయటపడింది. సంఘ ఉద్యోగులు పాలకవర్గ ఎన్నికల్లో పోటీ చేయరాదన్నది నిబంధన. విరమణ మరునాటి నుంచి వారు ఉద్యోగి కారు. కలకడలో పుట్టింటివారు ఇచ్చిన భూమిలో మల్బరీ నాటిన పట్టురైతు. జూలై ఎన్నికల్లో డైరెక్టర్ పదవికి నామినేషన్ వేస్తున్నారు. బలపరిచేందుకు కుప్పం నుంచి సిద్ధమ్మ రానుంది.

ముందు పేరాను మన సంఘ పత్రికలో అచ్చు వేయరాదని పై నుంచి సూచన వచ్చింది. వేస్తున్నాం. తులసమ్మ గారి దగ్గర ఇన్నేళ్లు పనిచేసి ఆ మాత్రం నేర్చుకోకుంటే ఎలా?

కనుక, విరమణ పొందేవారికి విశ్రాంతిని కోరే అలవాటును ఈసారికి పక్కన పెడుతున్నాం. కంటిచూపు తగ్గకుండా, మోకాళ్లు మొరాయించకుండా, గొంతు ఏమాత్రం మెత్తబడకుండా, భర్త, బిడ్డలు, మనవలతో తులసమ్మ గారు నిండు నూరేళ్లు జీవించాలని మన సంఘ సిబ్బంది అందరి తరఫున మనసారా ఆకాంక్షిస్తున్నాం. జూలై నుంచి ఆమె ఎదుట కూర్చోవలసిన పాలకవర్గ సభ్యులకు కూడా అంతే ఆరోగ్యం కలగాలని కోరుకుంటున్నాం. వారికి అది చాలా అవసరం.