పగటికల అంటే

కిందటి వానాకాలం శబరి వరదలో పడవ తిరగబడి భర్త కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఇప్పుడు కొంటా పక్క అడవిలో అత్తతో ఇప్పపూలు ఏరుతున్న కోడలు, ఏటివైపు చూస్తూ చెయ్యి ఆపేసింది.

“ఏందే, పగటికలలు కంటన్నవా?”

కోడలిది గోండి మాట్లాడే పుట్టిల్లు. ఆ మాట ఆమెకు కొత్త.

“అంటే ఏందత్తా?”

“కండ్లు తెరుసుకునే, మనసుల కోరుకున్నది జరిగినట్టు చూసుకోటం.”

“తప్పా?”

“పని ఎగ్గొట్టేటోళ్లను తిట్టటానికి అంటం.” అత్త గొంతు తగ్గింది. “నేను గూడ కంటనే ఉంట. వాడు తడిబట్టలతోటి వచ్చి అన్నం పెట్టమంటడు. నీకూ వస్తడా?”

“వస్తడు.”

“ఏమంటడు?”

అబద్ధం చెబుదామనుకుంది కోడలు. నోరు రాలేదు.

“ఏమనడత్తా. నలుగురు మోసుకొస్తరు. మనమే స్నానం చేయిస్తం. మట్టి చేస్తం. వస్తడని ఇన్నాళ్లు తెరిచిపెట్టిన తలుపుకు ఆ రాత్రి నువ్వు గడియ పెట్టి పడుకుంటవు.”

తిడుతుందనుకుని తల వంచుకుంది. అత్త చేతిలో పూలు గంపలో పోసింది.

“మొఖం గుర్తుపట్టేటట్టు ఉంటదా, బిడ్డా?”

“ఉంటదత్తా. నిద్రపోయినట్టే ఉంటడు.”