చీలమండ వెనక చిన్న ఎముక

నా పేరు పైన రాసుకున్నారు, సరిగ్గానే ఉంది. వయసు యాభై రెండు. బట్టలు కుడతాను. వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. మా ఆయన పోయాక మేడ మీద గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను.

మార్చి మొదటి సోమవారం పొద్దున పదిన్నరకి దారాల కొట్టు మెట్టు మీద నిలబడ్డాను. మంచినీళ్ళ క్యాన్ల వ్యాన్ వెనక్కి వస్తోంది. ఆగమని అరిచాను. పక్క అద్దంలో డ్రైవరు మొహం కనిపించింది. ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, వెనక్కి చూడలేదు. వ్యాన్ తగిలి పడ్డాను. కుడిపాదం కిందికి మడతపడి, ఒంటి బరువంతా దాని మీద పడింది.

అతనే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, బెణికిందని కట్టు కట్టి పంపారు. వాపు తగ్గింది గానీ మిషను తొక్కలేకపోయాను. మునివేళ్ళు కిందికి నొక్కితే చాలు, మడమ వెనక ప్రాణం పోయేది.

ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పాదాన్ని కిందికి వంచగానే కేక పెట్టాను. "చీలమండ వెనక బఠాణీ గింజంత ఎముక అదనంగా ఉందమ్మా. కొందరికి పుట్టుకతోనే ఉంటుంది" అన్నారు. "అయితే వ్యాన్ వల్ల కాదా?" అన్నాను. ఎడమకాలికి కూడా ఎక్స్‌రే తీయించి, కుడికాలికి స్కాన్ చేయించారు. ఎడమకాలిలో అదే ఎముక గుండ్రంగా, నున్నగా ఉంది. కుడికాలిలో రెండు ముక్కలైంది, అంచులు గరుకుగా ఉన్నాయి. "ఎముక పుట్టుకతో వచ్చిందే, విరిగింది మాత్రం దెబ్బకి. ఇలాంటిది అరుదు" అన్నారు. మోకాలి కింద దాకా పిండికట్టు వేశారు. అతకలేదు. చివరికి ఆపరేషన్ చేసి తీసేశారు.

ఆపరేషన్ ముందు నర్సు "మీవాళ్ళెవరు?" అనడిగింది. నేను నోరు తెరిచేలోపు, తోడుగా వచ్చిన ఆ వ్యాన్ డ్రైవరే "నేను తమ్ముణ్ణి" అని సంతకం పెట్టాడు. నేను కాదనలేదు.

తర్వాత నీళ్ళు అతనే పైకి తెచ్చేవాడు. వారానికి ఒక క్యాన్ చాలు నాకు. రోజూ తెమ్మన్నాను. మిగిలినవి సింకులో పారబోశాను. "అక్కా, నీళ్ళు తాగుతున్నారా, ఈత కొడుతున్నారా?" అనేవాడు. కిటికీ దగ్గర కాసేపు కూర్చునేవాడు.

ఇవాళ తన వ్యాన్‌లోనే ఈ పోలీస్ స్టేషన్‌కి తీసుకొచ్చాడు. దారిలో "అక్కా, నేనే జారిపడ్డానని మీరు చెప్పకూడదా? లైసెన్సు పోతే నాకు బతుకే లేదు" అన్నాడు. "నువ్వు చూసుకోకుండా వెనక్కి తీశావు. అదే చెప్తాను" అన్నాను. అయినా ఇక్కడ మెట్లెక్కేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

నా చేత మాట మార్పించడానికే రోజూ వచ్చాడా అని పోలీసులు అడిగారు. నాకు తెలియదు. వచ్చాడు, అంతే తెలుసు. బెదిరించలేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, కలిపింది గానీ తీసేసింది గానీ లేదు. అతను బయట ఉన్నాడో వెళ్ళిపోయాడో చూసి చెప్పమని అడిగాను. అది వాంగ్మూలంలోకి రాదన్నారు. అడిగానని మాత్రం రాయమన్నాను.

(సంతకం)