మొదటి రెండొందల మాటలు

హలో… నేనేరా, అక్కని. క్లాసులో ఉన్నావా?… అయితే ఒక్క అయిదు నిమిషాలు బయటికి రా.

మీ బావ సంగతి… ఒళ్ళు బాగానే ఉంది, బుద్ధి మీదే నాకు అనుమానం. నెల్లాళ్ళుగా మనిషి మనిషిలా లేడు. బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి రావడం, స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకోవడం. లోపల నీళ్ళ చప్పుడు ఉండదు. ఒకటే గొణుగుడు. తలుపు తడితే టక్కున ఆపేస్తాడు.

…నవ్వకు. ఇవాళ ఉతుకుదామని చొక్కా జేబు తడిమితే కాగితం దొరికింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. అంతా ఇంగ్లీషు.

…అక్షరాలు తెలుసు కానీ చదవడం రాదు కదరా నాకు. ఎదురింటి పాపతో చదివించా. షీ అంటే ఆవిడట. హర్ అన్నా ఆవిడేనట. విత్ అంటే తోడు. గో అంటే వెళ్ళడం… ఆవిడ, తోడు, వెళ్ళడం. ఇంకేం మిగిలింది?

…ఏంటీ?… ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే మాటలా? ఎవరో కూర్చుని లెక్కపెట్టారా? పనీపాటా లేదా వాళ్ళకి?

…ఊఁ… ఏ పుస్తకం తెరిచినా పేజీలో సగం ఇవే ఉంటాయా… అందుకని ముందు ఈ రెండొందలూ నేర్పుతారా… సరే.

ఆగు.

రెండొందలని నీకెవరు చెప్పారు?… నేను చెప్పలేదు. కాగితం అన్నాను, అంతే… దగ్గకు. చిన్నప్పుడు అబద్ధం చెప్పినా ఇలాగే దగ్గేవాడివి. నువ్వే రాసిచ్చావు కదూ?

…నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడా. బాగుంది మీ ఇద్దరి వరస… లేదు, ఫోను పెట్టను. చెప్పేదాకా ఇక్కడే నిలబడతా.

…

పిండి కలిపే మిషనా? ఆ సంగతి తెలుసు. ఆ పొడుగాయన, ఫిట్టరు, లోపల బోల్టు బిగిస్తుంటే చెయ్యి పడింది. మూడు వేళ్ళు పోయాయి. మిషను దానంతటదే తిరిగిందని చెప్పాడు మీ బావ… కాదా?

…మరి స్విచ్చు ఎవరు వేశారు?

…

ఆఁ… ఉన్నా. వింటున్నా.

…స్విచ్చుకి అట్టముక్క తగిలించి ఉందా. మిషను కడగడం అయిపోయాక కూడా అలాంటిదే తగిలిస్తారా… అదే అనుకుని మీ బావ అట్ట తీసి స్విచ్చు వేసేశాడా. ఏం రాసుంది దాని మీద?

…డూ నాట్ టర్న్ ఆన్… వెయ్యొద్దని.

నాలుగు మాటలు… ఉండు, కాగితం చూస్తున్నా. డి, ఓ… ఉంది. ఎన్, ఓ, టి… ఇదీ ఉంది. ఓ, ఎన్… ఉంది. టి, యు, ఆర్… వెనకవైపు ఉంది. నాలుగింటి కిందా గీత గీశాడురా. కాగితం చిరిగిపోయేలా గీశాడు.

పదహారేళ్ళుగా ఆ గోడల మీద రాసినవన్నీ చూస్తూనే తిరిగాడు. అడగడానికి సిగ్గుపడ్డాడు.

…ఇంకా ఉందా? చెప్పు.

…ఆ అట్ట ఏమైంది?… పిండిలో పడి నలిగిపోయిందా… అసలు తగిలించనే లేదని పొడుగాయన మీదే తప్పు తోశారా? మరి మీ బావ ఏమన్నాడు?

…లేదన్నాడా. సంతకం కూడా పెట్టాడా.

…ఆయన్ని వెనకేసుకు రాకు. వేళ్ళు తెగిన మనిషిని పనిలోంచి కూడా తీసేస్తుంటే, ఈయన స్నానాల గదిలో కూర్చుని మాటలు వల్లె వేస్తున్నాడా? చదువు రాకపోవడం నేరం కాదురా. నాకూ రాదు. అట్ట లేదనడం నేరం.

…మీ బావ పని కూడా పోతుందంటావా. పోవచ్చు… భయమెందుకు లేదు? ఉంది.

…మెట్ల మీద అడుగులు. మీ బావే… లేదు, అరవను. నీ మీద కోపం ఉందిలే, అది తర్వాత, తీరిగ్గా… లైన్లోనే ఉండు.

ఆఁ, తలుపు తీసే ఉంది. రా… మా తమ్ముడే. అంతా చెప్పాడు.

…వాడి మీద విరుచుకుపడకు. నేనే చెప్పించా.

…కూర్చోకు. ఇటు చూడు నా వైపు… చూడు.

ఏడుపు ఇక్కడ కాదు. బూట్లు విప్పకు. పొడుగాయన ఇల్లు ఎక్కడో నీకు తెలుసుగా… నిజం నువ్వు చెప్పు, నేను పక్కన నిలబడతా. రేపు పొద్దున మేనేజరు దగ్గరికీ వస్తా.

…ఒరేయ్, ఉన్నావా? మేం బయల్దేరుతున్నాం. పెట్టేస్తున్నా.