గ్రహణం వచ్చే వారం

టెలిస్కోపు పక్క గది. వారం రోజుల హనీమూన్ ముగించి సరాసరి అక్కడికే వచ్చింది ఆ అమ్మాయి, చెప్పుల్లో ఇసకతోనే. కంప్యూటర్ ముందు సీనియర్ అక్క.

"ఒకటే గొడుగక్కా. ఎవరు పట్టుకోవాలని పోట్లాట. చివరికి ఎవరూ పట్టుకోలేదు, ఇద్దరం తడిసి ముద్దయ్యాం."

"ఊఁ."

"ఊఁ ఏంటక్కా, కొత్త పెళ్ళికూతుర్ని. కొంచెం కుళ్ళుకోండి."

"కుళ్ళుకుంటున్నాలే. కూర్చో."

"కూర్చోను. వచ్చే వారమే గ్రహణం, కెమెరా సరిచూసుకోవాలి."

"ఆ తారని ఇప్పుడు తూచి ఏం చేస్తావే?"

"ఏం చేస్తానేంటి? ఐదేళ్ళ చాకిరీ. అదేమో ఉబ్బుతూ తగ్గుతూ కుదురుగా ఉండదు. జోడు తార దాన్ని ఎంత గుంజుతోందో తేల్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ జోడు దీనికి అడ్డొచ్చే నాలుగు రాత్రులూ చూసేస్తే తూకం తేలిపోతుంది. ఇక్కడున్న ఒక్క పోస్టూ నాదేనని డైరెక్టరు గారు అననే అన్నారు."

"తూకం తేల్చినవాళ్ళదన్నారు."

"అదే, నాది."

"గ్రహణం అయిపోయిందే."

"ఏడిపించకండక్కా. వచ్చే వారం."

"పోయిన వారమే. మళ్ళీ ఏడేళ్ళకి."

"మొదట నా లెక్కకీ అదే వచ్చింది. మా ఆయన చూసి నవ్వారు. పిచ్చిమొహమా, తార ఉబ్బే వేగం తీసెయ్యకుండా లెక్కేశావని నెత్తిన మొట్టి, తేదీ రెండు వారాలు జరిపారు. అందుకే కదా ప్రయాణం పెట్టుకున్నాం."

"తీసేశావా, లేదా?"

"తీసేశాననే... తీసేశాను. ఆయన అంత గట్టిగా చెప్తే, పెళ్ళి హడావుడిలో మరిచిపోయానేమో అనుకున్నా."

"ఊఁ."

"మరి ఆ రాత్రులు ఇక్కడెవరున్నారు?"

"నేనే. నాలుగు రాత్రులూ."

"అబ్బ, బతికించారక్కా. ఇలా ఇవ్వండి, నా లెక్కల్లో కలిపేస్తాను."

"కలిపేశాం. నిన్ననే పేపరు వెళ్ళిపోయింది. రెండు పేర్లు."

"నాదీ ఆయనదీనా?"

"ఆయనదీ నాదీ. పోస్టు కూడా పొద్దున్నే మీ ఆయనకి ఖాయం చేశారు."

"ఆయన నాతో సముద్రం దగ్గరున్నారు కదా."

"ఫోనుంది కదా."

"అక్కా, మీకు తేదీ ఎవరు చెప్పారు?"

"నీ పాత లెక్కే పంపాడు. ఓసారి సరిచూడనా అంటే అక్కర్లేదన్నాడు. మా ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పదన్నాడు."