మేకు ఎత్తున పలక

నది ఒడ్డున పాత గిడ్డంగి గోడకు నిచ్చెన వేసి, రాళ్లు చెక్కే పెద్దాయన చంకలో కొత్త పలకతో రెండో మెట్టెక్కాడు. అప్పుడే మున్సిపాలిటీ ఉద్యోగిని ఫైలు పట్టుకుని వచ్చింది.

“అంత పైకెందుకు బాబాయ్? కంటి ఎత్తున బిగించమన్నారుగా. జనం పక్కన నిలబడి ఫొటోలు దిగాలట.”

“పలక మీద ఏం రాయించావో చదువమ్మా.”

“‘పెద్ద వరదలో నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి.’”

“వచ్చింది నీ కంటిదాకానా? అదిగో, ఆ కిటికీ మీద మేకు చూడు. ఆ వరదలో మా నాన్న పడవలో నిలబడి నీటిమట్టానికి గుర్తుగా కొట్టాడు.”

“పలక కిందే పెట్టి, పైకి బాణం గుర్తు వేయిద్దాం.”

“రంగు రెండు వానలకు పోతుంది. పలక ఉంటుంది.”

“మీ చాదస్తానికి పైవాళ్లకు నేనేం చెప్పుకోను?”

“ఒకసారి గోడకు సున్నం వేశాక, ఆ మేకు దగ్గరుండే పాత పలకను చేతికందిన చోట బిగించేశారమ్మా. ఆరడుగులు కిందికి.”

“ఎవరా ఘనుడు?”

“నేనే. నడుం నొప్పని నిచ్చెన ఎక్కలేదు. మళ్లీ వరదొచ్చినప్పుడు పడవవాళ్లు పిలిస్తే, మా చెల్లెలు మేడ దిగలేదు. ‘నీళ్లు ఇంత పైకి రావు, మా అన్నయ్య పెట్టిన గుర్తుందిగా’ అందట. ఆ మాటే ఆఖరు.”

ఆమె తలెత్తి ఆ మేకు వంక చూసింది.

“ఇప్పుడు నడుం ఎలా ఉంది బాబాయ్?”

“అలాగే ఉంది.”

ఆమె ఫైలు నేల మీద పెట్టి, నిచ్చెనను రెండు చేతులా పట్టుకుంది.

“నెమ్మదిగా ఎక్కండి.”