మీ పెదనాన్నగారి గోడ

బయట చూస్తే రాయి, లోపల చూస్తే ఇటుక, ఇదేం గోడమ్మా అంటావా? మీ పెదనాన్నగారి గోడే తల్లీ అది. నువ్వు చూడలేదులే ఆయన్ని. ఈ ఇల్లంతా, రాయీ మట్టీ దూలాలూ, ఆయన చేతి మీదే లేచింది. మేస్త్రీల్లో మహారాజు. ఎవరన్నారంటావా? ఆయనే.

రాతిగోడంటే ఒకటి కాదే, రెండు. లోపలి వరస, బయటి వరస, మధ్యలో మట్టీ చిల్లరాళ్లూ. రెంటినీ కలిపి పట్టి ఉంచడానికి అక్కడక్కడ ఓ పొడుగురాయి అడ్డంగా పెట్టాలి. అలా పెడితే బయటికి దాని మూతే కనిపిస్తుంది. అంత అందమైన రాయి మూతి చూపించడానికా! అని ఆయన పొడుగురాళ్లన్నీ వీధివైపు బారుగా పరిచేశారు. లోపలికి గుండురాళ్లు మిగిలాయి. వీధిలో వాళ్లు ఆగి "కోటలా ఉందయ్యా" అన్నారు. ఇక ఆయన కాళ్లు నేల మీద ఆనితే ఒట్టు.

రెండో వానాకాలానికి మా గదిలో, లోపలివైపు, కోటకి పొట్ట వచ్చింది. మా అత్తగారు ఊరుకుంటుందా? "కోడలికంటే ముందు గోడకే నెల తప్పిందే" అంది. నాకింకా నువ్వు పుట్టలేదుగా మరి. మీ పెదనాన్నగారేమో ఆ పొట్ట తీయలేదు. చుట్టూ మట్టి మెత్తి మెత్తి, మిగతా గోడనంతా పొట్టకి సమానం చేశారు. "ఇప్పుడు చూపించండి, ఎక్కడుందో" అని వీపు ఆనించి నవ్వారు. అబ్బో, ఏం తెలివో.

తర్వాత నువ్వు కడుపులో పడ్డావు. ముసురు పట్టింది. ఓ పొద్దున వచ్చి గోడ మీద వేళ్లతో కొట్టి, చెవి ఆనించారు. డొల్లమోత నాకూ వినిపించింది. "ఏంటి బావగారూ?" అన్నా. "ఈ గదికి గాలి బాగా వస్తుందమ్మా. నేనిక్కడ పడుకుంటా, మీరు నా గదిలోకి పొండి" అన్నారు. గాలట, ముసుర్లో! మా మంచం బయటికి ఈడ్చి తన మంచం వేసుకున్నారు. వేవిళ్లతో ఉన్నానా, "పెద్దరికమంటే గది లాక్కోవడమా" అని దులిపేశా. పక్క పరుచుకున్నారు. "నా గోడ చెడింది" అనే ముక్క ఆయన నోట రాదు. గది ఖాళీగా వదిలెయ్యొచ్చుగా? వదిలేస్తే ఎందుకని అడగరూ నలుగురూ? కోట కట్టినాయన!

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చారు. లోపలి వరసంతా వచ్చి మంచం మీద... మొన్నటిదాకా అక్కడ పడుకున్నది మీ నాన్నా, నేనూ, నాలో నువ్వూ.

బయటి వరస ఒక్క రాయి కదల్లేదు. నేను అరుచుకుంటూ వీధిలోకి పరిగెడితే ఎవరూ నమ్మరే! గోడ నిలబడే ఉంది కదమ్మా అంటారు. అంత బాగా కట్టారు మరి.